కోసేసిన డక్ట్ కోసం చందాపురకు

శనివారం ఉదయం ఐదున్నరకు అనంతపురంలో రైలెక్కాను. ముందురోజు రాత్రి సుధీర్ పంపిన ఫోటో చూశాక ఇంట్లో కూర్చోలేకపోయాను. సుధీర్ మా పిన్ని కొడుకు, బెంగళూరు హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఆ ఊరి శివారు చందాపుర దగ్గర ఒక అద్దె షెడ్డులో ఇద్దరం కలిసి రెండు సీట్ల చిన్న విమానం తయారుచేసుకుంటున్నాం. దాని ఇంజిన్ నీటితో చల్లబడుతుంది. ముక్కు కింద రేడియేటర్ ఉంటుంది. దానికి గాలి తెచ్చే ఫైబర్ డక్ట్ నా పని. మూతి చిన్నది, లోపలికి వెళ్ళేకొద్దీ మెల్లగా వెడల్పవుతుంది. అలా అయితేనే గాలి నిదానించి రేడియేటర్ అంతటా సమంగా పరుచుకుంటుంది. ఆ వాలు కుదరడానికి ఎన్ని థర్మోకోల్ అచ్చులు చెక్కి పారేశానో నాకే తెలియదు. ఫోటోలో ఆ డక్ట్ మధ్యభాగం కోసేసి, సగానికి పొట్టిగా అతికించి ఉంది. కింద ఒక మాట: "అక్కా, నోస్ ఇప్పుడు సూపర్ లుక్!"

ఆదివారం ఒక పైలట్ వచ్చి ఆ విమానాన్ని మొదటిసారి ఎగరేయాలి.

హిందూపురంలో ఎక్కిన పెద్దావిడ ఇడ్లీ పొట్లం విప్పుతూ నన్ను చూసింది. "ఏమ్మా, పొద్దున్నే మొగం అట్ల పెట్టుకోనుండావు? ఎవురి మీద కోపం?"

"తమ్ముడి మీద."

"అయితే రెండు తిను. ఉత్త కడుపుతో ఎంతసేపని అరుస్తావు?"

తిన్నాను. బెంగళూరు మెజెస్టిక్‌లో దిగి, చందాపుర మీదుగా పోయే అత్తిబెలె బస్సు పట్టుకున్నాను. అటు వెళ్ళేవాళ్ళు శనివారం ట్రాఫిక్ ఉండదని ధీమాగా ఉండకండి. మడివాళ దాటేసరికే నాకు ఓపిక పోయింది. షెడ్డు యజమాని మునిరాజప్ప గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "లోపలే ఉండాడమ్మా. పొద్దున్నుంచి ఫోటోలు తీస్కుంటా ఉండాడు."

సుధీర్ నవ్వుతూ వచ్చాడు. "చిల్ అక్కా. రేడియేటర్ సేమ్, మూతి సేమ్. లెంత్ తగ్గితే ఏమవుతుంది? ఫోటోల్లో గడ్డంలా వేలాడుతోందని అందరూ ట్రోల్ చేశారు."

"గాలికి నీ ఫోటోలతో పనిలేదురా. దారి ఒక్కసారిగా వెడల్పయితే అది గోడల్ని వదిలేసి మధ్యలోంచే దూసుకుపోతుంది. అంచులకు ఏం మిగులుతుంది?"

వాడు నమ్మలేదు. గాలి ఎక్కడెక్కడ వస్తోందో తెలిసేలా రేడియేటర్ వెనక వైపు ఊలు పోగులు అంటించి, చక్రాలు కట్టేసి, ఇంజిన్ నడపమన్నాను. మధ్యలో పోగులు గట్టిగా రెపరెపలాడాయి. అంచుల్లోవి చచ్చినట్టు వేలాడాయి. కాసేపటికే నీటి వేడి ముల్లు ఎర్రగీత దాటింది. ఇంజిన్ ఆపించాను.

"గ్రౌండ్ మీద హీట్ కామనే కదా. పైన స్పీడ్‌కి కూల్ అయిపోద్ది. రేపు ఫ్రెండ్స్ అందర్నీ రమ్మన్నా అక్కా, ఇప్పుడు క్యాన్సిల్ అంటే ఎట్లా?"

"పైనా అంచులకు గాలి అందదు. డక్ట్ కోశావని పైలట్‌కి చెప్పావా?"

వాడు తల తిప్పుకున్నాడు. డక్ట్ కోసినందుకు వచ్చిన కోపం ఒకటి. పైలట్‌కి చెప్పనందుకు వచ్చింది వేరు. వాడి ఎదుటే పైలట్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"కట్ చేశారా?" అన్నాడాయన. "నాకెవరూ చెప్పలేదు మేడమ్. రేపు నేను రాను."

సుధీర్ స్పానర్‌ను నేలకేసి కొట్టి బయటికి వెళ్ళిపోయాడు. నేను బోల్టులు విప్పి డక్ట్ ఊడదీసుకున్నాను. కొత్తది ఇంటి దగ్గరే చేస్తాను, బిగించేటప్పుడు పక్కనే ఉంటాను.

సాయంత్రం రైల్లో ఆ కోసిన డక్ట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెనుకొండ దగ్గర సుధీర్ మెసేజ్ వచ్చింది: "అందరి ముందు నా పరువు తీశావు."

ఆ విమానం సీట్లో కూర్చోబోయిన మనిషి గురించి ఒక్క మాట లేదు. ఈ ప్రయాణంలో బెంగళూరంటే నాకు గుర్తుండేది ఆ షెడ్డూ, వాడు తల తిప్పుకున్న తీరూ. ధర్మవరం వచ్చినా కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా అనిపించలేదు.