తింగరి మనిషి

బజారులో ఎవరినైనా తింగరోడా అని పిలిచి చూడండి, కాలరు పట్టుకుంటాడు. నవ్వకూడని చోట నవ్వేవాడికీ, ఒకటి చెయ్యబోయి ఇంకొకటి చేసేవాడికీ లోకం పెట్టిన పేరది. ఒక దర్జీ ఇంట్లో మాత్రం, చోద్యం కాకపోతే, అదే ముద్దుపేరు.

పెళ్లయిన కొత్తలో ఒకనాడు అతను ఎవరిదో పంట్లాం అంచు కుడుతూ, తన చొక్కా అంచును కూడా కలిపి కుట్టేశాడు. లేచి నిలబడితే పంట్లాం కూడా వెంట లేచింది. పక్కనే కాజాలు కుడుతున్న భార్య పొట్ట పట్టుకుని నవ్వింది.

"తింగరి మనిషీ, నిన్ను నువ్వే కుట్టేసుకున్నావా?" అంటూ మోకాళ్ల మీద కూర్చుని కుట్లు విప్పింది. అప్పట్నుంచి కోపమొస్తే "తింగరోడా", అతనికి జ్వరమొస్తే "నా తింగరోడే". అసలు పేరుతో పిలిచిందంటే ఏదో కొంప మునిగిందన్నమాటే.

నిరుడు ఆమెకు మతిమరుపు జబ్బు పట్టుకుంది. ముందు ఉప్పుడబ్బా ఎక్కడుందో మరిచిపోయింది, తర్వాత కూతుర్ని, చివరికి అతణ్ణి. ఇప్పుడతణ్ణి మర్యాదగా "మీరు" అంటుంది. ఆ మర్యాదే అతని గుండె కోస్తోంది. ఒక్కసారి తింగరోడా అంటే తనను గుర్తుపట్టినట్టేనని ఆశ. దాని కోసం వెయ్యని వేషం లేదు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, చెప్పులు అటుదిటు ఇటుదటు వేసుకున్నాడు.

"చూసినవాళ్లు నవ్విపోతారు నాన్నా," అంది కూతురు.

"నవ్వనీ తల్లీ. మీ అమ్మ తిడితే చాలు."

ఈ ఉదయం ఆమెను మిషను పక్కన కూర్చోబెట్టి, కావాలనే చొక్కా అంచును పంట్లానికి కలిపి కుట్టి లేచాడు. పంట్లాం వేలాడింది.

ఆమె నవ్వలేదు. లేచి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, చిన్న కత్తెర తీసుకుంది. వేళ్లు తడబడకుండా కుట్లు విప్పుతుంటే అతను ఆమె నోటికేసే చూస్తూ నిలబడ్డాడు.

"చూసుకోవాలి కదా అన్నయ్యగారూ. మీ ఆవిడ ఏమీ అనదా?"

"అనేది."

"ఏమనేది?"

"తింగరి మనిషీ అనేది."

ఆమె మొహం చిన్నబోయింది. "అయ్యో, కట్టుకున్నవాణ్ణి అంత మాట అంటారా? మీరు మనసులో పెట్టుకోకండి. మంచివారిలా ఉన్నారు."

అతను గోడవైపు తిరిగి ఏడ్చాడు. తన భార్యను తప్పుబట్టిన ఆ ఆడమనిషి మీద కోపం కూడా తెచ్చుకోలేకపోయాడు.