ప్రార్థనకు ఊ కొట్టిన మామ్మ

మా ఇంట్లో ప్రార్థనంటే ఒకరు చెయ్యడం, మిగతావాళ్ళు ఊరికే కూర్చోవడం కాదు. చేసేవాళ్ళు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా వినేవాళ్ళు "స్తోత్రం" అనాలి. కథకు ఊ కొట్టినట్టే. అనకపోతే మా నాన్న కళ్ళు మూసుకునే గురి చూసి మొట్టికాయ వేసేవాడు.

న్యూజిలాండ్ దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో నాకు స్తోత్రం అనేవాళ్ళు లేరు. నర్సింగ్ చదివి వచ్చినదాన్ని, ఇక్కడి రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా ముసలివాళ్ళుండే రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా కుదిరాను. అవి ఫోన్ కార్డుల రోజులు. నేను గట్టిగా ప్రార్థన చేస్తే, ఫ్లాట్‌లోని ఇద్దరు కివీ అమ్మాయిలు ఇంటికి ఫోన్ చేసుకుంటున్నాననుకుని టీవీ సౌండ్ తగ్గించేవారు. పాపం, వాళ్ళది మర్యాదే. నాకే సిగ్గేసి పెదాలు కదపడంతో సరిపెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి అదీ తగ్గింది. దేవుడి మీద అలక కాదు. ఒంటరితనం, అంతే.

రెస్ట్‌హోమ్‌లో చివరి గది నార్వే మామ్మది. పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చి, జీవితమంతా ఇంగ్లీషులోనే నెట్టుకొచ్చింది. మతిమరుపు వచ్చాక ఆ ఇంగ్లీషు పోయి చిన్ననాటి భాష మిగిలింది. అది తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. సాయంత్రం టీ అయ్యాక చేతులు జోడించి ఏదో చెప్పుకునేది. మధ్యమధ్య "గూద్" అనేది. ఆదివారం చూడ్డానికొచ్చిన కూతుర్ని అదేమిటని అడిగాను.

"దేవుడు అని. మా అమ్మ భాషలో నాకొచ్చిన మాట అదొక్కటే," అందావిడ, కారు తాళాలు వెతుక్కుంటూ.

లైబ్రరీలో చూస్తే స్వీడన్‌లో, డెన్మార్క్‌లో కూడా దేవుణ్ణి అలాగే పిలుస్తారట. ఇన్వర్‌కార్గిల్‌లో మాత్రం ఈ ఒక్క ముసలామే పిలుస్తోంది.

మర్నాడు మామ్మ ప్రార్థన మధ్యలో ఊపిరి తీసుకుంది. నా నోరు ఊరుకుంటుందా? "స్తోత్రం" అనేశాను. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను. మళ్ళీ కళ్ళు మూసుకుని, రెండు మాటలు చెప్పి, ఆగింది. కావాలనే ఆగింది. "స్తోత్రం" అన్నాను. అప్పట్నుంచి రోజూ అదే వరస. నాకు సెలవైన రోజున ఆవిడ చేతులు జోడించుకుని అలాగే కూర్చుండిపోయేదని తోటివాళ్ళు విసుక్కునేవారు.

చలికాలం వచ్చేసరికి మామ్మ మంచం పట్టింది. ఒక సాయంత్రం చేతులు జోడించి పెదాలు కదిపింది కానీ గొంతు పెగల్లేదు. నువ్వు చెయ్యి అన్నట్టు నావైపు గడ్డం ఎగరేసింది. గట్టిగా ప్రార్థన చేసి ఎన్నాళ్ళైందో.

"దేవా, ఈ మామ్మని చూసుకో. నన్ను కూడా కాస్త చూసుకో," అన్నాను. ఏడుపొచ్చి ఆగిపోయాను.

నేను ఆగిన చోట, వినీ వినపడనట్టు, మామ్మ "గూద్" అంది.

ఆ వారంలోనే పోయింది. ఆ గదిలోకి ఇంకొకరు వచ్చారు. నేను ఫ్లాట్‌లో మళ్ళీ గట్టిగా ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టాను. అమ్మాయిలు మళ్ళీ టీవీ తగ్గించారు. ఊపిరి తీసుకునే చోట ఎవరూ ఏమీ అనేవారు కాదు. అక్కడ కాసేపు ఆగి, నేనే "గూద్" అనుకుని, మిగతాది చెప్పుకునేదాన్ని.