బాలశౌరి రక్తపరీక్ష

క్రాంక్‌షాఫ్టులు అరగదీయడంలో ఆటోనగర్ మొత్తానికీ బాలశౌరి చేతికి పేరుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా వేలితో తడిమి చెప్పేస్తాడు. అలాంటివాడి చేతిలోంచి నలభై రెండో ఏట మందం కొలిచే మైక్రోమీటరు ఒకే వారంలో రెండుసార్లు జారిపడింది. షెడ్డులో అందరూ నవ్వారు. అతను నవ్వలేకపోయాడు.

పామర్రులో వాళ్ల నాన్న కాళ్లూ చేతులూ కూడా అలాగే మాట వినడం మానేశాయి. చుక్క ముట్టని మనిషిని ఊరంతా తాగుబోతు అంది. ఆ నింద మోస్తూనే మంచం పట్టి పోయాడు.

నరాల డాక్టరు భానుశ్రీ రక్తపరీక్ష చేయించింది. ఫలితం రాగానే పిలిచి, నెమ్మదిగా చెప్పింది.

"బాలశౌరి గారూ, కణం రెండవ్వాలంటే ముందు లోపలున్న డీఎన్‌ఏకి నకలు తయారవ్వాలండీ. దాని జంట పోగులు విడిపోతాయి. ఒక్కోదాన్ని చూసుకుంటూ ఎదురుగా కొత్త పోగు అల్లుకుంటుంది. తప్పు పడితే చాలావరకు కణమే దిద్దుకుంటుంది. మీ వంశం డీఎన్‌ఏలో ఒకచోట మూడక్షరాల ముక్క పక్కపక్కనే మరీ ఎక్కువసార్లు ఉంది. నకలు అక్కడ జారుతుంది. తండ్రి నుంచి బిడ్డకి వెళ్లేటప్పుడు ఆ ముక్కలు ఇంకా పెరగొచ్చు. దానివల్లే మెదడు మెల్లగా దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపు తప్పుతాయి, మీ నాన్నగారిదీ ఇదే జబ్బయి ఉంటుంది."

"ఆ ఎక్కువైంది తీసెయ్యలేరా డాక్టరు గారూ? నేను ఇనుమునే అరగదీస్తానండీ."

"ఒళ్లంతా అదే ఉందండీ. అదుపు లేని కదలికలు తగ్గడానికి మందులిస్తాను. జబ్బు పోవడానికి ఇప్పటికైతే దారి లేదు."

తిరిగొస్తుంటే బందరు రోడ్డు మీద సిగ్నల్ పడింది. బాలశౌరి బండి ఆపి, మళ్లీ కదిలించడం మరిచిపోయాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. గదిలో పెట్టి తాళం వేస్తే తలుపైనా బాదొచ్చు. సొంత ఒంట్లోంచి ఎటు పారిపోతాడు?

నెల్లాళ్లు దాచి, చివరికి కూతురు సుస్మితతో చెప్పాడు. డిగ్రీ చదువుతోంది. అంతా విని, "నాకొచ్చే అవకాశం సగానికి సగం అన్నమాట. ఇంటర్‌లో ఆ పోగుల బొమ్మ గీసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను నాన్నా," అంది.

ఆమెకీ అదే పరీక్ష చేయిద్దామని ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. ఫారం మీద సంతకం పెట్టబోయి సుస్మిత లేచి నిలబడింది.

"ఇప్పుడొద్దు నాన్నా. ఉందని తెలిస్తే, నిన్ను చూసినప్పుడల్లా నన్నే చూసుకోవాలి."

బాలశౌరికి మనసు తేలికపడింది. ఆ వెంటనే, తేలికపడినందుకు సిగ్గేసింది.

ఇప్పుడు యజమాని అతన్ని యంత్రం ముట్టుకోనివ్వడం లేదు, కొత్తవాళ్లకు పని నేర్పమన్నాడు. ఇంట్లో సుస్మిత కాఫీ కలుపుతున్నా, జడ అల్లుకుంటున్నా అతని కళ్లు ఆమె వేళ్ల మీదే ఉంటాయి.

"అలా చూడకు నాన్నా," అంటుంది.

చూడకుండా ఉండలేకపోతున్నాడు.