దారిలో వేడెక్కిన తీగ

సన్నటి పొడుగాటి తీగకు నిరోధం ఎక్కువని పదో తరగతికి ఏటా పాఠం చెప్పేవాణ్ణి. అరకులోయలో మా పక్కింటి ముసలామెకు సాయం చేయబోయి, సరిగ్గా అలాంటి తీగనే కొన్న తెలివి నాది.

పిల్లల నుదురైనా, కాఫీ పళ్ల కుప్పయినా చేతి వెనకవైపుతో తాకి చూడడం ఆమె అలవాటు. కోసిన పళ్ల తొక్క ఆ రోజే తీయాలి, లేదంటే పులిసిపోతాయి. తొక్క తీసే యంత్రం తిప్పలేక ఆమె చేయి నొప్పెడుతోందని, దానికి మోటారు బిగించి మా ఇంటి నుంచి ఆమె పెరటి చివరిదాకా తీగ లాగాను.

మోటారు మూలిగింది గానీ తిరగలేదు. వోల్టేజీ ఎక్కడ పోయిందో నేను కాగితం మీద వెతుకుతుంటే, ఆమె చేతి వెనకతో తీగను తాకింది.

"కాలిపోతంది మాస్టారూ! నువ్వంపిన కరెంటు దార్లోనే ఇది తినేత్తంది. మోటారుకేటి మిగుల్తాది?"

తినేది కరెంటును కాదు, వోల్టేజీని అని దిద్దబోయి, కుప్పను చూసి కాగితం మడిచేశాను.

"ఇప్పుడేం చేద్దాం?"

"ఏటి సేత్తాం? బేగి పిడి తిప్పు."

మోటారు ఊడదీసి ఇద్దరం చీకటి పడేదాకా తిప్పినా సగం పళ్లు పులిసిపోయాయి. ఆమె వేడెక్కుతున్న కుప్పను తాకుతూ కూర్చుంది.

మర్నాడు ఆ తీగను కరెంటు నుంచి విప్పేసి ఆమె పెరట్లో రెండు గుంజలకు బిగించి, మా ఇంట్లోని బరువైన దుప్పట్లన్నీ తడిపి, కసితీరా దానిమీద ఆరేశాను. ఆమె వచ్చి తీగను చేతి వెనకతో తాకింది.

"ఇప్పుడు సల్లగుందిలే."