గొట్టం అడుగున ఇంటూ గుర్తు

నలభై ఏళ్ళు బట్టలు కుట్టినా, పేటలో ఇప్పుడెవరూ ఆయన్ని టైలరని పిలవరు. ఆదివారం పూట చంకలో ప్లాస్టిక్ గొట్టం లేకుండా కనబడడు కాబట్టి గొట్టం మాస్టారు అయిపోయాడు. ఆ పేరంటే పైకి చిరాకుపడతాడు గానీ లోలోపల గర్వమే.

గొట్టం అరవై సెంటీమీటర్లు. అడుగున నల్లటి ఇంటూ గుర్తు. వాగు నీళ్ళు నిండా పోసి పైనుంచి చూడాలి. గుర్తు కనబడకపోతే, కనబడేదాకా కింది పైపులోంచి కొంచెం కొంచెంగా నీళ్ళు వదలాలి. ఎన్ని సెంటీమీటర్లు మిగిలితే వాగు అంత తేట. వాగును కాపాడుకోవడానికి పేటవాళ్ళు పెట్టుకున్న సంఘంలో తొమ్మిదేళ్ళుగా చూసేది ఆయన, పుస్తకంలో రాసేది రిటైరైన నర్సమ్మ. రాసేవాళ్ళు గొట్టంలోకి తొంగిచూడకూడదు. ఒకరి మాట విని ఇంకొకరి కన్ను మోసపోతుందని ఆ నియమం పెట్టిందీ ఈయనే. అంగుళం తేడా వస్తే చొక్కా మొత్తం విప్పి మళ్ళీ కుట్టే మనిషి మరి.

ఆ ఏడాది అంకెలు పడిపోవడం మొదలైంది. యాభై ఎనిమిది, నలభై, ముప్పై, ఇరవై రెండు. పైకి వాగు బాగానే ఉందే అని ఎవరైనా అంటే, గొట్టం మాటకు తిరుగులేదనేవాడు. అన్నం సయించేది కాదు. ఎగువన ఉన్నది ఒక్క లాండ్రీయే. దాని యజమాని చిన్ననాటి స్నేహితుడు. గుండె రాయి చేసుకుని సంఘం చేత ఫిర్యాదు రాయించి, మూడు నెలలుగా ఆ వీధి ఛాయలకే వెళ్ళలేదు. సోమవారం కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్ళు తనిఖీకి వస్తున్నారని, తప్పు తేలితే లాండ్రీకి తాళమేనని కబురొచ్చింది.

ముందురోజు ఆదివారం నర్సమ్మకు జ్వరం. పుస్తకం పట్టుకుని ఆయన భార్య వచ్చింది. ఆయన కళ్ళు చికిలించి, నీళ్ళు వదిలి వదిలి, "పద్దెనిమిది. రాసుకో," అన్నాడు.

నియమం గియమం ఆవిడకు పట్టదు. వంగి చూసింది.

"అదేంటండీ, శుభ్రంగా కనిపిస్తుంటే నీళ్ళన్నీ పారబోశారేం?"

"అబ్బా, నువ్వు చూడకూడదే!"

"చూసేశాగా. ఇంకా పోయండి."

పోశాడు. ముప్పై దగ్గర కనిపిస్తోందంది. నలభై ఐదు దగ్గరా అదే మాట. అంచుదాకా నింపినా కనిపిస్తూనే ఉందంది. ఆయన వంగి చూస్తే పాలు కలిపినట్టు తెలుపు తప్ప ఏమీ లేదు.

ఆవిడ ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. "సూదిలో దారం మీరు ఎక్కించుకుని ఏడాదైంది. నేను ఎక్కించి పెట్టేస్తుంటే మీకు తెలియనే లేదు. తప్పు నాదే, డాక్టరు దగ్గరికి అప్పుడే లాక్కెళ్ళాల్సింది."

"అయితే వాగు బాగానే ఉందన్నమాట," అన్నాడాయన. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, రెండూ ఒకేసారి ముంచుకొచ్చి, ఒడ్డున కూలబడి ఏడ్చాడు.

నోరు విప్పితే తొమ్మిదేళ్ళ మాట గంగలో కలుస్తుంది. గొట్టం ఇంకెవరి చేతికో పోతుంది. అయినా ఆయన ఇంటికి పోలేదు. నర్సమ్మ ఇంటికి వెళ్ళి, జరిగింది చెప్పి, సంఘంలో అందరికీ ఫోన్లు చేయించి, ఫిర్యాదు వెనక్కి తీసుకునేలా చేశాడు. అటునుంచి అటే లాండ్రీకి నడిచాడు.

స్నేహితుడు లాండ్రీ వెనక, చేతిలో పారతో, కాలవలోకి తొంగిచూస్తున్నాడు.

"ఒరే, తప్పు నాదిరా. నీళ్ళు బాగున్నాయి, నా కళ్ళే పోయాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాం," అని గుక్కతిప్పుకోకుండా చెప్పేసి, తిట్లకు సిద్ధంగా తల దించుకున్నాడు.

తిట్లు రాలేదు. అవతలివాడు పార వదిలేసి, ఉతకాల్సిన దుప్పట్ల మూట మీద కూర్చుండిపోయాడు.

"నిజంగా బాగున్నాయా?"

"మా ఆవిడ చూసిందిరా. నిండు గొట్టం."

"హమ్మయ్య!" అంటూ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మూడు నెలలుగా పొద్దున్నే ఈ కాలవ చివరిదాకా నడుస్తున్నాను. సబ్బు మార్చాను, సగం పని మానేశాను. ఎక్కడ కారుతోందో ఎంత వెతికినా దొరకదే!"

"నీ తప్పేం లేనప్పుడు వచ్చి నాతో పోట్లాడొచ్చు కదరా?" అన్నాడు మాస్టారు.

"ఇంకెవరైనా అయితే పోట్లాడేవాణ్ణి," అన్నాడు స్నేహితుడు. "చెప్పింది నువ్వు కదరా."