కుడి చెవిలో వినిపించని గిటార్

ఆ రోజు నాకు జబ్బు చేసిందని అనుకోలేదు. పాటలో తేడా ఉందనుకున్నాను.

రెండో లాక్‌డౌన్ చలికాలం అది. జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో మీడియా టెక్నాలజీ మాస్టర్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. థీసిస్ కోసం కెనడా గాయకుల రికార్డులు ఎంచుకున్నాను. కాఫీ హోటళ్ళలో, చర్చిల్లో పాడడం మొదలుపెట్టి, సొంత దేశపు రేడియోలో చోటు దొరికితే చాలనుకునే స్థితి నుంచి ప్రపంచమంతా వినే స్థాయికి వెళ్ళిన ఐదుగురు. పేరు పెరిగేకొద్దీ రికార్డులో వాళ్ళ గొంతును ఎక్కడ నిలబెట్టారు, వాయిద్యాలను ఎటు జరిపారు అన్నదే నా ప్రశ్న. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. బయటి మనుషులు కనబడని ఆ నెలల్లో ఆ ఐదుగురే నాకు తోడు. డైరీలో వాళ్ళ పేర్లు కూడా రాసుకునేదాన్ని కాదు. ‘మంచు మైదానాల ఆవిడ’, ‘రేవు ఊరి అతను’ అని గుర్తులు పెట్టుకున్నాను.

ఆ ఉదయం మంచు మైదానాల ఆవిడ తొలి రికార్డు పెట్టాను. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎడమన ఒక గిటార్, కుడిన ఒక గిటార్, మధ్యలో ఆమె. ఆ రోజు మాత్రం కుడి గిటార్ తలుపు అవతల వాయిస్తున్నట్టుంది. గొంతు ఎడమకి ఒరిగింది. పైగా ఇద్దరు కలిసి పాడుతూ శ్రుతి తప్పినట్టు అనిపించింది. నేను వింటున్నది కొత్తగా శుభ్రం చేసి విడుదల చేసిన ప్రతి. ఇంజనీర్లు ఇలా మార్చారన్నమాట అనుకున్నాను. తలస్నానం చేశాక నీళ్ళు నిలిచినట్టు కుడి చెవి కాస్త మూసుకుపోయి ఉంది. జలుబు చేస్తోందనుకుని వదిలేశాను. ఆ మార్పు గురించి రెండు పేజీలు రాశాను. ‘ఈ రోజు థీసిస్‌కి మంచి సంగతి దొరికింది’ అని డైరీలో కూడా ఉంది.

తర్వాతి నాలుగు రోజుల్లో మిగతా నలుగురి కొత్త ప్రతులు విన్నాను. అన్నింట్లోనూ అంతే. అప్పుడైనా అనుమానం రాలేదు. ‘ఇది ఈ తరం ఇంజనీర్ల ధోరణి’ అని ఇంకో పేరా రాశాను. ఐదో రోజు చెవిలో పాత ఫ్రిజ్ మోగినట్టు మోత మొదలైంది. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ స్విచ్ కట్టేశాను. మోత ఆగలేదు.

శిరీషక్క నా ఫ్లాట్‌మేట్, కాలేజీలో ఒక ఏడాది సీనియర్, కరీంనగర్ అమ్మాయి. పాలు పాడవుతాయి, ఫ్రిజ్ ఎవరు బంద్ చేశారని అడగడానికి మరునాడు నా గదిలోకి వచ్చింది. మోత సంగతి చెప్పలేక, నేను కనిపెట్టిన సంగతి వినిపించాను. నా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట చివరిదాకా వింది.

“నాకైతే రెండు దిక్కుల మంచిగనే వినొస్తుంది గదనే.”

“లేదక్కా, కుడివైపు బాగా తగ్గించారు.”

“నువ్వొకసారి ఉల్టా పెట్టుకో.”

హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకున్నాను. తలుపు అవతలికి పోయిన గిటార్ ఎడమ చెవిలో నిక్షేపంగా వినిపించింది. రెండో గిటార్ తలుపు అవతలికి పోయింది. తగ్గింది పాటలో కాదు. నా కుడి చెవిలో.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. చెవి డాక్టర్ క్లినిక్ వెబ్‌సైట్‌లో, కరోనా కారణంగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉన్నవాళ్ళే రావాలని ఉంది. ఫోన్‌లో జర్మన్ మాట్లాడాలంటే నాకు భయం. అందుకని ఆన్‌లైన్‌లో చూశాను. మూడు వారాల తర్వాతి రోజు దొరికితే బుక్ చేసి ఊపిరి పీల్చుకున్నాను. టెర్మిన్ దొరికితే సగం పని అయినట్టేనని అనుకోవడం ఈ దేశం వచ్చాక అబ్బిన అలవాటు. టెర్మిన్ దొరికిందా అని అక్క అడిగింది. దొరికిందన్నాను. ఎప్పటికో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

తొమ్మిదో రోజు తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేస్తే అలవాటుగా కుడి చెవికి పెట్టుకున్నాను. లైన్ కట్ అయిందనుకుని పెట్టేశాను. మళ్ళీ చేసింది, మళ్ళీ పెట్టేశాను. లేచి నిలబడితే గది తిరిగింది. గోడ పట్టుకుని అక్కను పిలిచాను. టెర్మిన్ తేదీ విని ఆమె ముఖం మారిపోయింది.

“మూడు వారాలా? చెవి వినొస్తలేదంటే టెర్మిన్ ఏందే? కోటేసుకో, పా.”

“టెర్మిన్ లేకుండా వెళ్తే తిట్టరా అక్కా?”

“తిడితే నేను పడతా. నీకెట్లాగూ వినబడదు గద.”

క్లినిక్‌లో అద్దం వెనక మాస్కు పెట్టుకున్న ఆవిడ ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా సంగతి అక్క జర్మన్‌లో చెప్పింది. పది నిమిషాల్లో లోపలికి పిలిచారు. హఠాత్తుగా వినికిడి పోతే ఏ రోజైనా అలాగే పిలిచేవాళ్ళట.

ఆడియోగ్రామ్‌కి గాజు గదిలో కూర్చోబెట్టి చేతికి బటన్ ఇచ్చారు. శబ్దం వినబడినప్పుడు నొక్కాలి. ఎడమ చెవి పూర్తయింది. కుడి చెవి పరీక్ష ఎప్పుడు మొదలవుతుందా అని బటన్ పట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఇంతలో తలుపు తీసి, అయిపోయింది రమ్మన్నారు.

డాక్టరమ్మ మాస్కులోంచి చెప్పేది నాకు అందడం లేదని గ్రహించి కాగితం మీద రాసింది. ‘హ్యోర్‌ష్టుర్జ్’, కింద ఇంగ్లీషులో సడన్ హియరింగ్ లాస్. ఎన్ని రోజులైందని అడిగింది. తొమ్మిది అన్నాను. పెన్ను కింద పెట్టి నా ఎడమ చెవి వైపు వంగింది.

“మొదటి రోజే రావాల్సింది. కొందరికి పూర్తిగా తిరిగొస్తుంది, కొందరికి కొంత వస్తుంది, కొందరికి రాదు. మీకు ఎలా అవుతుందో నేను చెప్పలేను.”

మొదటి రోజే వచ్చుంటే నయమయ్యేదా అని అడిగాను. అదీ చెప్పలేనంది.

హై డోస్ స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. వాటితో విపరీతమైన ఆకలి, గుండెదడ, కారణం లేని ఏడుపు. వారం తర్వాతి ఆడియోగ్రామ్‌లో మంద్ర శబ్దాల వినికిడి కొంచెం పెరిగింది. అక్క ఆ సంతోషంలో సేమ్యా పాయసం చేసింది. డోస్ తగ్గించగానే మళ్ళీ పడిపోయింది. అప్పుడు హాస్పిటల్‌లో కర్ణభేరి గుండా లోపలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పక్కకి తిరిగి పడుకుని అరగంట మింగకూడదు, మాట్లాడకూడదు. తోడుగా ఎవరినీ రానివ్వరు. అక్క బయట మంచులో నిలబడేది.

రెండు ఇంజెక్షన్లయ్యాక అక్కకి కరోనా పాజిటివ్ వచ్చింది. ఇద్దరం క్వారంటైన్‌లో పడ్డాం. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే, గడువు పూర్తయ్యాక రమ్మన్నారు. వైద్యం రెండు వీధుల అవతల ఉంది, నేను ఇల్లు దాటకూడదు. అక్క తన గది తలుపు వెనక నుంచి మాట్లాడేది. సగం మాటలు నాకు అందేవి కావు. చివరికి కాగితం మీద రాసి తలుపు కింది నుంచి తోసింది. “నా వల్లనే ఆగిపాయె. నన్ను తిట్టుకో.” అన్నం వండాను, పళ్ళెం బయట పెడుతున్నానని రాసి పంపాను.

క్వారంటైన్ తర్వాత మూడో ఇంజెక్షన్ ఇచ్చారు. తేడా లేదు. ట్యూమర్ లేదని తేల్చుకోవడానికి ఎమ్మారై తీశారు. “ఏమీ లేదు, మంచిదే” అన్నారు. ఏమీ లేనప్పుడు ఎందుకు పోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ రోజే అమ్మకి అంతా చెప్పాను. అప్పుడు రెండుసార్లు ఫోన్ మధ్యలో పెట్టేసింది నువ్వా అని మాత్రం అడిగింది.

థీసిస్ ఆపేస్తానని ప్రొఫెసర్‌కి రాశాను. ఆయన ఆపవద్దన్నారు. శబ్దం ఎటు ఎంత ఉందో తెర మీద చూపించే మీటర్ ఉంది, చెవులకు బదులు దాన్ని వాడమన్నారు. తెర మీద ఆకుపచ్చ మబ్బులాంటిది కుడికి వంగితే, కుడివైపు గిటార్ ఉందని రాశాను. అలా పూర్తయింది. పాసయ్యాను. మొదట రాసిన ‘ధోరణి’ పేజీలు చెరిపేశాను. అంతకు ముందు రాసినవాటిలో ఎన్ని పాటల గురించో, ఎన్ని నా చెవి గురించో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ గాయకుల్లో ఒకావిడకి మధ్యలో గొంతు పోయింది. కొన్నేళ్ళ తర్వాత మంద్రమైన గొంతుతో తిరిగొచ్చి ఇంకా పెద్ద పేరు తెచ్చుకుంది. మందులు వేసుకునే రోజుల్లో ఆమె కథను రోజూ చదివేదాన్ని. తర్వాత అర్థమైంది, తిరిగొచ్చింది కాబట్టే ఆమె గురించి రాశారు. నా నోట్సులోనే ఒక్క రికార్డు చేసి ఆగిపోయినవాళ్ళు ఇరవైమందికి పైగా ఉన్నారు. వాళ్ళకి ఏమైందో రాసినవాళ్ళు లేరు.

ఇప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. మీటింగుల్లో అందరికీ కుడిచివర కూర్చుంటాను, మంచి చెవి వాళ్ళవైపు ఉండాలని. రోడ్డు దాటేటప్పుడు రెండుసార్లు చూస్తాను. హియరింగ్ ఎయిడ్ ప్రయత్నించాను, మాటలకి కొంత పనికొచ్చింది. పాటలకి రాలేదు. మోత ఉంది, అలవాటవుతుందని అన్నారు. ఇంకా కాలేదు.

చదివేవాళ్ళకి ఒక్క మాట. ఒక చెవి హఠాత్తుగా మందగిస్తే టెర్మిన్ కోసం ఆగకండి, ఆ రోజే వెళ్ళి కూర్చోండి. నోరు తెరవడానికి నాలాగా భయమైతే, ‘నాకు హఠాత్తుగా ఒక చెవి వినబడటం లేదు’ అని కాగితం మీద జర్మన్‌లో రాసి అద్దం దగ్గర ఆవిడకి చూపించండి. ఒక్క వాక్యం. అది రాయడం నాకు అప్పటికే వచ్చు.