తులసమ్మ తిప్పిన రేడియో

తిరుత్తణి బడికి రేడియోపెట్టె వచ్చింది 1957లో. వచ్చిన నాటి నుంచీ అది అరవం చెప్పే దండపాణి అయ్యవారి సొంత ఆస్తి అయి కూర్చుంది. మీట తిప్పేది ఆయనే, గది తాళంచెవి మొలలో దోపుకునేదీ ఆయనే. గురువారం అరవపాఠం మొదలుకాగానే గోడలు అదిరేలా శబ్దం పెంచి, పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టి, తాను వక్కాకు నములుతూ వీధిలోకి పోయేవారు. పెట్టె పాఠం చెబుతుంటే మధ్యలో మనిషెందుకట!

తెలుగు చెప్పే తులసమ్మ తీరు వేరు. ఆమె అత్తిమంజేరిపేట నేతవాళ్ళ ఆడపడుచు. మొగుడు పోయాక చదువుకుని ఉద్యోగంలో చేరింది. అరవపాఠం తరువాత వచ్చే తెలుగు పాఠాన్ని పిల్లలతో పాటు తానూ నేలమీద కూర్చుని వినేది, అయిపోయాక విడమరచి చెప్పేది. వారం మొత్తంలో ఆమెతో తీరిగ్గా తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళ గొంతు ఆ పెట్టెలోది ఒక్కటే. అద్దెగదికి పోతే పలకరించే దిక్కు లేదు. అరవపాఠం కాగానే దండపాణి పెట్టె ఆపి మళ్ళీ వీధిలోకి పోయేవారు. అందుకే తెలుగు పాఠానికి మీట తిప్పడానికి ఆయన రావడం ఆలస్యమైనప్పుడల్లా ఆమె ప్రాణం కొట్టుకుపోయేది. చివరికి హెడ్మాస్టరు రత్నస్వామిని బతిమాలి, మీట తానే తిప్పుకోవడానికి ఒప్పించింది. తిప్పింది, పలికింది. అబ్బ, ఆ పూట ఆమె నడకే వేరు!

"ఆడోళ్ళ చెయ్యి పడినాక అది ఎన్నాళ్ళుంటాదో చూస్తాంలే" అన్నారు దండపాణి.

ఆయుధపూజ వచ్చింది. దండపాణి భక్తి పట్టలేక, పలుచటి గంధం పెట్టె నిండా మెత్తేశారు. మీట సందుల్లోంచి అది లోపలికి జారింది. గంధం తీసి అందించిన చిన్న తరగతుల పంతులమ్మ కోకిల ఆయన పక్కనే ఉంది. సెలవులయి బడి తెరిచేసరికి పెట్టె మూగబోయింది.

"నేను చెప్పలా సార్? ఆయమ్మ తిప్పినాది, చెడిపోయినాది" అన్నారు దండపాణి.

"గంధం లోపలికి పోయినాది సార్. కోకిల చూసినాది, అడగండి" అంది తులసమ్మ.

కోకిల కొంగు అంచు చూసుకుంటూ, "నేను గమనించలేదు సార్" అంది. ఉన్న ఒక్క తోటి ఆడమనిషి! ఇకమీద ఆడవాళ్ళు పెట్టెను ముట్టుకోకూడదని రత్నస్వామి తేల్చేశారు. తులసమ్మకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

పెట్టెను తిరువళ్ళూరులో బాగుచేయించుకొచ్చాక మొదటి గురువారం. అరవపాఠం కాగానే దండపాణి పిల్లల్ని బయటికి వదిలేసి, పెట్టె ఆపడం మరిచి, గదికి తాళం వేసి వెళ్ళిపోయారు. ఖాళీ గదిలో తెలుగు కథ మొదలైంది. తులసమ్మ గబగబా తన పిల్లల్ని తెచ్చి కిటికీ కింద కూర్చోబెట్టింది. కథలో అడవిలో దారి తప్పిన పిల్ల చీకట్లో నడిచి నడిచి, ఒక ఇల్లు కనబడితే తలుపు తట్టింది. అంతలో దండపాణి వచ్చి తాళం తీశారు.

"ఊరికే మోగతా ఉండాదే!"

"అయ్యా, ఆపొద్దు! పిల్లోళ్ళు వింటా ఉండారు" అంటూ ఆమె లేచేలోగా ఆయన మీట తిప్పేశారు.

"ముందే వచ్చి అడగాల కదమ్మా" అంటూ తాళం వేసుకుని వెళ్ళారు.

"టీచరమ్మా, తలుపు తీసినారా?" అని వజ్రమ్మ అనే పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు.

"తెలీదు తల్లీ" అంది తులసమ్మ.